ఎమ్మిగనూరు చీరల పుష్టి

వానలు ఎగ్గొట్టడం మా ఎమ్మిగనూరుకు పట్టిన అదృష్టం! నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఈ పందొమ్మిది వందల డెబ్బై రెండులో కూడా మబ్బులు మంత్రాలయం దాకా వచ్చి, స్వామికి దండం పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాయి. నష్టమేమిటి? వీధిలో బురద ఉందా? దోమలున్నాయా? ఆదోనిలో మా బావకు పెళ్లిలో పెట్టిన గొడుగు ఇప్పటికీ కొత్తదే. ముగ్గురు పిల్లలు పుట్టారు గానీ, గొడుగు తెరిచే పనే పడలేదు! ఇక జొన్నలు పండక ఊళ్లో ఒక్క బొజ్జ కూడా మిగల్లేదు. పట్నాల్లో బొజ్జ తగ్గడానికి డాక్టర్ల చుట్టూ తిరుగుతారట, పాపం.

అందరికన్నా సుఖపడింది మా మగ్గాల వీధి. నేతవాళ్లు మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు దారాలను వీధి పొడవునా చాపి, కుంచెతో జొన్నగంజి పట్టించి ఎండబెడతారు. చినుకు పడితే పనంతా పాడు. ఇప్పుడా బెంగ లేదు! కాకపోతే గాలిలో తడి లేక పోగులు పుటుక్కున తెగుతున్నాయి. తెగకూడదంటే, సైన్సు ప్రకారం, గంజి ఇంకా చిక్కగా పట్టించాలి. కరువులో మనుషులకు తిండి తగ్గింది, పడుగుకు ఆకలి పెరిగింది!

ఇంతలో పోషకాహార నిపుణుడొకాయన జీపులో దిగాడు. బలమంతా గంజిలోనే ఉందనీ, అందరూ తాగాలనీ మైకులో గట్టిగా చెప్పాడు.

మా ఎదురింటి నేతగత్తె వీరమ్మ లేచి నిలబడింది. "మేం తాగితే పడుగేం తాగాల సార్?"

ఆయన చదివిన పుస్తకాల్లో పడుగు లేదు. నేరుగా విటమిన్ల మీదకు వెళ్లిపోయాడు.

మర్నాడు వీరమ్మ కూతురు గంజికుండలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. వీరమ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది. "అది పడుగుది! పోగు తెగితే రేపు నీకు సంగటి యాడనుంచి వస్తాది?" అని కసిరి, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. చూశారా మన సంస్కృతి! అతిథి తిన్నాకే ఇంటివాళ్లు. నాకెందుకో ఆ పూట అన్నం సయించలేదు. ఎండ దెబ్బ అయ్యుంటుంది.

కాబట్టి పాఠకులారా, దేశంలో అందరికన్నా పుష్టిగా ఉన్నవి మా చీరలే! నిపుణుడుగారు కూడా ఊళ్లో రెండ్రోజులుండి, వెళ్లేముందు భార్య కోసం వీరమ్మ దగ్గర ఒకటి కొన్నారు. వేళ్లతో నలిపి చూసి, "ఎంత దిట్టంగా ఉందమ్మా!" అని మెచ్చుకున్నారు.

"అమ్మగారు తొలిసారి తడిపినప్పుడు నీళ్లు తెల్లగా వస్తాయి సార్," అంది వీరమ్మ. "భయపడాకండి. అవి మా పాప తాగాల్సినవి."