తల్లి విశ్రాంతి మూల

పసిబిడ్డల తల్లికి మనశ్శాంతి లేని ఇంట్లో దేశప్రగతి కాలు పెట్టదు! ఊరిపెద్ద హర్జోగారు ఈ మహావాక్యాన్ని మైకులో సెలవిచ్చేసరికి, అప్పుడే జోకొట్టిన ఊళ్లోని పసివాళ్లంతా లేచి కేరుమన్నారు.

"ఇంటింటా తల్లికొక విశ్రాంతి మూల ఏర్పాటు చెయ్యాలి. ఆదివారం తనిఖీ. ఉత్తమ మూలకు ఏటా వెండికప్పు!"

రుమియాతి మురిసిపోయింది. ఆమెకి కవలలు. ఇద్దరికీ ఒకేసారి పళ్లొస్తున్నాయి. జావా ద్వీపం మొత్తమ్మీద ఒక్క కునుకు కోసం అంతగా మొహం వాచినవాళ్లు మరొకరు లేరు.

వెంటనే పని మొదలైంది, రుమియాతికే. గోడకి సున్నం వేసింది. దిండులో కొత్త బూరుగుదూది కూరింది. కుర్చీమీద బాతిక్ అద్దకం బట్ట పరిచింది. అంతా అయ్యాక అత్తగారు సుమర్ని వచ్చి, కుర్చీకీ దిండుకీ కలిపి ప్లాస్టిక్ కవరు తొడిగింది.

"అత్తయ్యా, ఒక్క క్షణం నడుం వాలుస్తాను."

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నలిగిపోదుటే?"

"నాకోసమేగా ఇది?"

"నీకోసమే. అందుకే నువ్వు పాడుచెయ్యకూడదు!"

భర్త తుకిమాన్ వంక పెట్టేందుకేం దొరక్క తృప్తిగా తలూపాడు. "చూస్తుంటేనే హాయిగా ఉందే! అన్నట్టు, తనిఖీవాళ్లకి అరటిపండ్లు వేయించి పెట్టు. వాళ్లు ఎంతమందొస్తారో ఏమిటో!"

ఆదివారం రానే వచ్చింది. అరటిపండ్లు వేగాయి. కవలలిద్దరూ ఏ దేవుడు చల్లగా చూశాడో, ఒకేసారి నిద్రపోయారు. రుమియాతి జల్లిగరిటె చేతిలో ఉండగానే ఆ మూలలో కూలబడి గుర్రుపెట్టింది.

తనిఖీ బృందం వచ్చింది. హర్జోగారు వంగి దిండు పరీక్షించారు.

"మూల వాడేశారు!"

"పైగా తల్లి అడ్డం పడుకుంది. మూల సరిగా కనబడట్లేదు," అన్నాడో సభ్యుడు, అరటిపండు నములుతూ. మార్కులు కోసేశారు. అత్తగారు నెత్తి కొట్టుకుంది.

వెండికప్పు హర్జోగారింటికే వెళ్లింది. ఊరంతా చూడబోయింది. అబ్బ, ఏం మూల! దిండుమీద ఒక్క ముడత లేదు. ఈగ కూడా నోరెత్తడం లేదు.

"మరి అమ్మగారేరండీ? పిల్లలేరీ?" అడిగింది రుమియాతి.

హర్జోగారు కప్పు తుడుస్తూ అన్నారు. "పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్లిందమ్మా. ఇక్కడ దానికి నిద్ర పట్టట్లేదుట!"

రుమియాతి తిన్నగా ఇంటికొచ్చి కవలల్ని చెరో చంకనా వేసుకుంది.

"ఎక్కడికే బయల్దేరావు?" అరిచింది అత్తగారు.

"మా అమ్మగారింటికి! వచ్చేయేడు కప్పు మనకి రావద్దూ?"