పసుపు పెట్టిన జెర్సీలు

ఆ ఆదివారం పొద్దున భాస్కరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, పూజ, రెండు దోసెలు, ఆ తర్వాత కొత్త జెర్సీల మూట చంకన పెట్టుకొని ధర్మవరం రైలెక్కడం. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో హిందూపురం బట్టల కొట్టు యజమాని ఎవరూ దేవుణ్ణి ఇంతకంటె తక్కువ అడిగి ఉండరు.

కాని ఆ మూటలో ఫుట్‌బాల్ సంఘం ప్రాణం ఉంది. సంఘం పెట్టింది భాస్కరయ్య తండ్రి. ఆయన పోయాక కార్యదర్శి పదవీ, గాలి నిలవని బంతీ కొడుక్కి వచ్చాయి. ఆ ఏడు లీగులో అన్నిటికన్నా కింది తరగతిలో ఆడుతూ, పెనుకొండ పోటీకి ఎవడి బనియను వాడు వేసుకొని పోయారు. తనవాడెవడో పరవాడెవడో తెలియక హిందూపురం వాళ్ళు తమలో తామే పడదోసుకున్నారు. "ధర్మవరంలో అందరూ ఒకే రంగులో దిగకపోతే మీ సంఘం పేరు కొట్టేస్తాం" అన్నారు లీగు పెద్దలు. అందుకని భాస్కరయ్య కొట్లోని మంచి తెల్లగుడ్డ చించి జెర్సీలు కుట్టించాడు. ధర్మవరం వాళ్ళది ఎరుపు. ఇక తేడా తెలియకపోవడమనే మాట లేదు.

"పసుపు పెట్టకుండా కొత్తబట్టలు గడప దాటిస్తారా?" అంది భార్య అన్నపూర్ణమ్మ.

భాస్కరయ్య ఆంజనేయస్వామికి దండం పెట్టనిదే కొట్టు తాళం తీయడు. అయినా ఆయనకు అప్పుడప్పుడు చిన్న సందేహాలు వస్తుంటాయి.

"బంతి తన్నే చొక్కాక్కూడా పసుపేనా?"

"తన్నితే మాత్రం చొక్కా కాకుండా పోతాదా?"

"సరే, మెడ దగ్గర కనపడీ కనపడకుండా పెట్టు" అని స్నానానికి పోయాడు.

అన్నపూర్ణమ్మ అట్లే చుక్కలు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత భాస్కరయ్య తల్లి శారదమ్మ వచ్చింది. ఆమెకు చూపు మందం. కోడలు మరిచిపోయిందనుకొని ప్రతి చొక్కాకూ నాలుగు మూలలా పెట్టింది. పరాయి ఊళ్ళో దిష్టి తగులుతుందేమోనని వీపునా, పొట్టనా కూడా పెట్టింది.

జట్టు నాయకుడు హనుమంతరాయుడు వచ్చి మూట విప్పి ఉలిక్కిపడ్డాడు. "భాస్కరన్నా! చొక్కాలకు అమ్మవారు పోసినట్లుండాదే!"

భాస్కరయ్య తడిపంచెతో పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళతో తుడిచి చూశారు. తుడిచిన కొద్దీ చుక్కలు రొట్టెలంత అయ్యాయి. రైలుకు వేళవుతోంది. చివరికి అన్నపూర్ణమ్మే దారి చూపింది. "గంగాళంలో పసుపు కలిపి అన్నీ ముంచేస్తే ఒకే రంగు అయిపోతాది. ఎరుపు కాకుంటే చాలు కదా మీకు?"

అది నిజమే. పచ్చని తడి జెర్సీలను రైలు కిటికీలకు ఆరవేసుకొని జట్టు బయలుదేరింది. చూసేవాళ్ళకు అది పెండ్లివారి రైలులా ఉంది. భాస్కరయ్య స్వామిని తలుచుకొని హాయిగా కునుకు తీశాడు.

ఆయన కన్ను తెరిచేసరికి పెనుకొండ వచ్చింది. ఇంజను వదిలిన బొగ్గుమసి అంతా తడి జెర్సీల మీద అతుక్కొని ఉంది.

"దీనికి దిగులెందుకన్నా? నా దగ్గర సబ్బుండాది" అన్నాడు ఈరన్న. గోలు ముందర గోడలా నిలబడే మనిషి. మైదానంలో ఎంత గట్టివాడో మనసు అంత మెత్తన. అయితే పుట్టినప్పటి నుంచి ఒక్క గుడ్డా ఉతికిన పాపాన పోలేదు. ప్లాట్‌ఫారం మీదున్న బకెట్లో జెర్సీలన్నీ కుక్కి, కుళాయి తిప్పి, సబ్బు పట్టించి పిసికాడు.

పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో హిందూపురంలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆ జట్టులో మాత్రం ఎవరికీ తెలియదు.

"అన్నా!" ఈరన్న కేక స్టేషనంతా వినబడింది. "నెత్తురన్నా!"

బకెట్టు నిండా ఎర్రటి నురగ. ఈరన్న మోచేతుల దాకా ఎరుపు. జనం మూగారు. ఒక ముసలామె గుండె బాదుకుంది. రైల్వే పోలీసు లాఠీ పట్టుకొని వచ్చాడు.

"ఎవుర్ని పొడిచి వస్తాండారబ్బా?"

"ఎవుర్నీ లేదు సామీ, సబ్బేసినా, అంతే!"

"సబ్బేస్తే నెత్తురొస్తాదా? నాకే చెప్తాండావా?"

భాస్కరయ్య ఒక జెర్సీ ఎత్తి ముక్కు దగ్గర పెడితే, పసుపూ సబ్బూ వాసన చూసి పోలీసు లాఠీ దించాడు. ఇంతలో రైలు కూసింది. జాడించే తీరిక లేక, ఎర్రటి జెర్సీలను అట్లాగే పిండి బండెక్కారు. అవి ధర్మవరం చేరేలోపల ఆ ఎరుపులోనే ఆరిపోయాయి.

ధర్మవరం సంఘం కార్యదర్శి రంగప్ప, పట్టుచీరల వ్యాపారి. ఆయన వీళ్ళను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏమప్పా భాస్కరయ్యా, లోకంలో ఇంకే రంగూ దొరకలేదా మీకు?" అని ఒక జెర్సీని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "అయినా ఈ రంగు నిలిచేది కాదులే."

రెఫరీ ఒక్క మాటలో తేల్చేశాడు. రెండు జట్లూ ఎరుపైతే ఆట లేదు. వచ్చినవాళ్ళే మార్చుకోవాలి. హిందూపురం వాళ్ళకు మార్చుకోవడానికి ఏమీ లేదు. తండ్రి పెట్టిన సంఘం తన చేతుల్లో పోతోందని భాస్కరయ్యకు అర్థమైంది. చేతులు జోడించి, పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పాడు.

రంగప్ప నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకొని లేచి, "పెద్దామె పసుపు పెట్టి పంపిన గుడ్డలు విప్పమన్యానని తెలిస్తే మా అవ్వ నాకు కూడు పెట్టదు. ఇంటికొచ్చినోళ్ళు మీరు. మేమే విప్పుతాం లేప్పా" అన్నాడు.

ధర్మవరం ఆటగాళ్ళు ఎర్ర జెర్సీలు విప్పి సొంత బనియన్లతో దిగారు. చేతులున్నవీ, లేనివీ, చిల్లులు పడినవీ. అన్నీ తెల్లనివే.

రెండో సగంలో వాన మొదలైంది. సబ్బు జారేకొద్దీ హిందూపురం ఎరుపు కరిగి మళ్ళీ పచ్చబడింది. "మూడో జట్టు యాడనుంచి వచ్చెరా?" అని ఎవరో అరిచారు. పసుపు అక్కడితో ఆగలేదు. ఒరుసుకున్న ప్రతి బనియనుకూ అంటుకుంది. కాసేపటికి మైదానంలో ఉన్నవాళ్ళందరూ మంగళస్నానం చేసినట్లున్నారు. ధర్మవరం ఆటగాడొకడు తనవాడే అనుకొని బంతిని మర్యాదగా హనుమంతరాయుడికి అందించాడు. హనుమంతరాయుడు నమ్మలేక ఒకసారి వెనక్కి చూసి మరీ గోలు కొట్టాడు. ఆ గోలుతోనే ఆట ముగిసింది.

గొడుగు పట్టుకొని లీగు పెద్ద వస్తుంటే భాస్కరయ్య మనసులో హనుమాన్ చాలీసా మొదలుపెట్టాడు. ఒకే పూట రెండు రంగులు!

"హిందూపురం వాళ్ళు ఒకే రంగులో దిగినారు" అన్నాడు పెద్ద. "మారినప్పుడు కూడా అందరూ ఒకేసారి మారినారు. ఇంత కట్టుబాటు నేనెప్పుడూ చూడలేదు." తర్వాత రంగప్ప వైపు తిరిగాడు. "మీరే ఎవడి బనియను వాడు వేసుకొని ఆడినారు. ఇంకొకసారి ఇట్లయితే మీ సంఘం పేరు కొట్టేస్తాం."

భాస్కరయ్య సిగ్గుతో అడ్డం పోయాడు. "అయ్యా, తప్పు మాది! ఆయన మాకోసం..."

"నియమం నియమమే" అని పెద్ద గొడుగుతో సహా వెళ్ళిపోయాడు.

రంగప్ప తన ఆటగాళ్ళ పసుపు బనియన్లను ఒకసారి చూసుకున్నాడు. "వచ్చే ఏడు మీ ఊరికి వస్తాం కదప్పా. మా జెర్సీలకు కూడా మీ అమ్మతో ఒక బొట్టు పసుపు పెట్టించు" అన్నాడు.

మరుసటి ఏడు భాస్కరయ్య బాగా ఆలోచించి, ఎంత పసుపు పెట్టినా కనపడకుండా ఉండాలని పసుపుపచ్చ గుడ్డతోనే జెర్సీలు కుట్టించాడు.

పసుపు కనపడటం లేదని శారదమ్మ వాటికి కుంకుమ పెట్టింది.