ఎదురు బెంచీలు ఖాళీ

ఫిల్మ్‌నగర్‌లో లోక్‌సభ సెట్టు వేశారు. ఇరవై రెండేళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతున్న మోతీనగర్ శకుంతలమ్మకు ఆ పొద్దున ప్రధానమంత్రి వేషమూ, జీవితంలో మొదటి డైలాగూ దక్కాయి: "మా మంత్రివర్గం ఈ సభకు జవాబుదారీ." బస్సులో దారి పొడుగునా అదే వల్లించుకుంటూ వచ్చింది. తడబడితే మళ్లీ గుంపులోకే పోవాలని ఆవిడకు తెలుసు.

"మంత్రుల్ని ఎంచుకునేది ప్రధానే కదమ్మా. ఈ నలభై మందిలో పదిమందిని మీరే కూర్చోబెట్టుకోండి," అని అసిస్టెంట్ డైరెక్టర్ అనంత్ మంత్రి వేషాల కోట్లు అప్పగించి వెళ్లిపోయాడు. ఏ ముహూర్తాన అన్నాడో పాపం.

మంత్రి అంటే ముందు వరుస, కెమెరాకు కనబడే మొహం. "అక్కా, నీ పెండ్లికి పందిరేసింది మా నాయినే. యాదికుందా?" అన్నాడు గుంపులోని బాలనర్సయ్య. ఆయనకు హోం శాఖ. ఎల్లమ్మ మోకాళ్ల నొప్పులు చెప్పుకుంది. ఆవిడకు ఆరోగ్య శాఖ. కాదనడం శకుంతలమ్మకు పుట్టుకతోనే రాదు. కోట్లు అయిపోతే కండువాలు కప్పింది. "ఫికర్ చెయ్యకుర్రి, అందరికీ ఇస్త," అంది.

డైరెక్టర్ రాఘవేంద్ర వచ్చేసరికి నలభై మందీ మంత్రులై ఒకే వైపు కూర్చున్నారు.

"ప్రశ్న అడిగేవాడేడమ్మా? జవాబు ఎవరికి చెప్తారు, గోడకా?" అన్నాడాయన. "పదిమందే మిగలాలి. లేదంటే మీ డైలాగు వేరేవాళ్లకి ఇచ్చేస్తా."

శకుంతలమ్మ గబగబా బెంచీల మధ్యకు వెళ్లింది. ముప్పై మందిని లేపేసింది. బాలనర్సయ్య కోటు విప్పిస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. పదవి పోయినవాళ్లంతా గొణుక్కుంటూ ఎదురు బెంచీల్లోకి చేరారు.

కెమెరా తిరిగింది. ప్రతిపక్షం ప్రశ్న రాసిన కాగితం బాలనర్సయ్యకు ఇచ్చారు. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని లేచాడు.

"పొద్దుగాల ఇచ్చిన పదవి గింతల్నే ఎందుకు గుంజుకున్నవ్? నేనేం తప్పు జేసిన? సభకు చెప్పు."

"చెప్పాలె, చెప్పాలె," అని ముప్పై గొంతులు లేచాయి.

శకుంతలమ్మకు డైలాగు ఎగిరిపోయింది. బెంచీ పట్టుకుని లేచింది.

"తప్పు నీది కాదు తమ్మీ, నాది. ఎవ్వల్ని కాదనలేక అందర్నీ మంత్రుల్ని జేసిన. నన్ను నిలదీసెటోళ్లే లేకుంట పోయిన్రు. ఈ పదిమంది ఏం జేసినా నేను మీకు జవాబు చెప్త. నచ్చకుంటే మీరంత కలిసి మమ్ముల అందర్నీ దింపుర్రి."

చెప్పి కూలబడింది. అయిపోయింది, ఇక గుంపే అనుకుంది.

"కట్," అన్నాడు రాఘవేంద్ర నెమ్మదిగా. "ఇదే ఉంచండి. రేపు అవిశ్వాస తీర్మానం సీను తీద్దాం. అమ్మకి రెండు పేజీలు రాయండి. ప్రతిపక్షంలో తలా ఒక డైలాగు."

మర్నాడు పొద్దున, మంత్రులుగా కూర్చోమని శకుంతలమ్మ ఒక్కొక్కరినీ బతిమాలవలసి వచ్చింది.