జెద్దా మిక్సీకి సరిపడే కరెంటు

ఆ రోజు తెల్లవారగానే సాలెహా బేగం పెట్టుకున్న పని చాలా చిన్నది. అల్లం వెల్లుల్లి రుబ్బాలి, వేయించిన పల్లీలు, ఎండుకొబ్బరి, గసగసాలు మెత్తగా నూరి డబ్బాలకెత్తాలి, ఆటో ఎక్కి మనూర్ అవతల నాగయ్య వాళ్ల ఊరికి పోవాలి. అక్కడ నాగయ్య మనుమరాలి తొట్టెల, పిల్లను ఉయ్యాలలో వేసే పండగ. ఊరంతటికీ బగారా అన్నం, మటన్ కూర. నారాయణఖేడ్‌లో ఇరుగుపొరుగు ఇళ్లలో వండిపెట్టడమే గాని, ఒక ఊరి విందు ఆమె చేతికి రావడం అదే మొదలు.

ఆమె భర్త జహీరుద్దీన్ జెద్దాలో ఒక హోటల్ వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ 2009 ఎండాకాలమే ఇల్లు చేరాడు. ఇక మళ్లీ పోకుండా ఇద్దరూ కలిసి వంటల పని పెట్టుకోవాలని వాళ్ల ఆశ. నాగయ్య ఇంటి వంట కుదిరితే మనూర్ వైపు ఊళ్లన్నీ వాళ్లనే పిలుస్తాయి. చెడితే జహీరుద్దీన్ మళ్లీ విమానం ఎక్కాల్సిందే.

అందరూ జెద్దా నుంచి బంగారం తెస్తే అతను మిక్సీ తెచ్చాడు. బిందెంత జారు, మోకాలెత్తు మోటారు. దాన్ని ముట్టుకోబోతే పిల్లలనైనా పెద్దలనైనా కసిరేవాడు. ఆ పొద్దున తనే దాన్ని ముస్తాబు చేసి వంటింట్లోకి తెచ్చాడు.

"నీ పాత మిక్సీ పక్కన పెట్టు సాలెహా. ఇయ్యాల దీని తమాషా చూడు."

"అజీ, అక్కడి మిషన్ మన కరెంట్ మీద నడుస్తదా?"

"కన్వర్టర్ కొన్న. నాకు తెల్వదా?" అంటూ జేబులోంచి అగ్గిపెట్టెంత తెల్ల ప్లాస్టిక్ ముక్క తీశాడు. మిక్సీ పిన్నును దాంట్లోకి, దాన్ని గోడ సాకెట్‌లోకి దూర్చాడు. రెండూ చక్కగా సరిపోయాయి. బిస్మిల్లా అని స్విచ్ వేశాడు.

మిక్సీ తిరగలేదు, గర్జించింది. జారు మూత ఎగిరి దూలానికి తగిలింది. దాని వెనకే అల్లం వెల్లుల్లి ముద్ద ఎగిరి పైకప్పుకు అంటుకుంది. ఠప్పుమని శబ్దం వచ్చి ఇంట్లో కరెంటు పోయింది. ఇంట్లోనే కాదు, స్తంభం మీద ఫ్యూజు ఎగిరిపోయి గల్లీ అంతా పోయింది. పక్కింటి మొగులప్ప పిండి గిర్ని జొన్నలు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

మొగులప్ప ఉరికొచ్చాడు. "ఏందీ జహీర్ భాయ్, ఏం జేసినవ్?" అని తలెత్తి చూసేసరికి, పైకప్పుకు అంటుకున్న ముద్ద ఊడి ఆయన నెత్తిన పడింది.

"కరెంట్ అంత గీ మిషన్‌ల పడ్డది భాయ్, దీనికి ఎక్కువైపోయింది," అన్నాడు జహీరుద్దీన్, దిక్కుతోచక.

మొగులప్ప కళ్లు మండిపోతున్నాయి. ఆయన ఆ మాటలో మొదటి సగమే విన్నాడు.

సాలెహా మిక్సీని బోర్లించి అడుగున ఉన్న రేకు చదివింది. 127 వోల్టులు, 60 సైకిళ్లు అని ఉంది. మన ఇళ్లకొచ్చేది 230. బజారులో టీవీలు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే, కాలిన వాసన రాలేదు కాబట్టి మోటారు చెడి ఉండదనీ, సైకిళ్ల తేడాకు ఇలాంటి మోటారుకేం కాదనీ, వోల్టులు మాత్రం సగానికి దించాలనీ, దించే పెట్టె హైదరాబాద్‌లో గాని దొరకదనీ చెప్పాడు.

"మరి నీ కన్వర్టర్?" అంది సాలెహా.

"గదే గద..."

"అది పిన్ను మార్చేది అజీ. కరెంట్ మార్చేది కాదు."

జహీరుద్దీన్ ముఖం చిన్నబోయింది. ఇంట్లో కరెంటు లేదు కాబట్టి నూరడం నాగయ్య ఇంట్లోనే కానిద్దామని సాలెహా పాత మిక్సీని మూటగట్టింది. జెద్దా మిక్సీని వదిలిపోవడానికి అతనికి మనసొప్పలేదు. "జారు పెద్దది, మసాలా కలపనీకన్న పనికొస్తది," అని ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ లోపల మొగులప్ప నెత్తి కడుక్కుని, నాగయ్య ఊళ్లోనే ఉన్న తన బావకు ఫోన్ కొట్టాడు. "మీ ఊరికి ఒక మిషన్ వస్తున్నది బావా. కరెంట్ తాగే మిషన్. మా గల్లీదంత ఒక్క గుటకల తాగింది. జర పైలం."

ఎండాకాలం. చెరకు తోటలు ఎండుతున్నాయి. పొలాలకు కరెంటు వచ్చేదే కొద్ది గంటలు. ఇళ్లకూ పొలాలకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి రైతులు వంతులవారీగా మోటర్లు వేసుకునేవాళ్లు. కరెంటు తాగే మిషన్ మాట ఊళ్లో పడగానే వంతులు గాలికి పోయాయి. అది వచ్చి తాగకముందే మనం తడుపుకుందామని ఊళ్లో ఉన్న ప్రతి బోరు మోటరూ ఒకేసారి వేశారు.

ఆటో ఆగేసరికి నాగయ్య వాకిట్లో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"సాలెహా బీ, నువ్వు దిగు బిడ్డా. మిషన్ దిగొద్దు."

"దాన్ని పెట్టం కాకా. మా పాత మిక్సీ తెచ్చిన."

నాగయ్యకు నమ్మకం కుదరక మిక్సీ అడుగున రేకు చూశాడు. "గీ అరవై సైకిళ్లేంది? మా ఊర్ల జమ చేస్తే నాలుగు లేవు."

లోపల నాగయ్య భార్య పోశమ్మ పొయ్యిలు రాజేసి, మాంసం కోయించి సిద్ధంగా ఉంది. సాలెహా పాత మిక్సీ స్విచ్ వేసింది. అది మ్మ్... అని మూలిగి ఊరుకుంది. పోశమ్మ తన మిక్సీ తెచ్చింది. అదీ మూలిగింది. తలెత్తి చూస్తే బల్బులో తీగ ఎర్రగా, ఆరిపోబోయే బొగ్గులా ఉంది. ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి.

"రోట్ల నూరుదామా చిన్నమ్మా?" అంది సాలెహా.

"ఊరంతటి మసాలా రోట్ల నూరితే, తొట్టెల్ల పిల్ల నడిచొచ్చి బంతిల కూసుంటది," అంది పోశమ్మ.

చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. సాలెహాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోవడానికి గోడవైపు తిరిగింది. గోడకు టీవీ స్టెబిలైజరు ఉంది. ఇంట్లోకి ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూపే దాని ముల్లు నూట ఇరవైకీ నూట ముప్పైకీ మధ్య పడుకుని ఉంది.

పొద్దున మిక్సీ రేకు మీద చదివిన 127 ఆమెకు గుర్తొచ్చింది. తర్వాత మెల్లగా అంది, "అజీ, జెద్దా మిక్సీ తే."

"తోబా! మళ్లనా? ఊరోళ్లు తంతరు!"

"పొద్దున నువ్వు చూడకుండ పెట్టినవ్. ఇప్పుడు నేను చూసి పెడుతున్న."

అదే తెల్ల ప్లాస్టిక్ ముక్కతో పిన్ను దూర్చి, మూత మీద అరచేయి ఆనించి స్విచ్ వేసింది. జహీరుద్దీన్ చెవులు మూసుకున్నాడు. మిక్సీ పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటూ తిరిగింది. పల్లీలు, కొబ్బరి, గసగసాలు వెన్నలా దిగాయి. జహీరుద్దీన్ చెవుల మీంచి చేతులు తీసి మీసం మీద పెట్టుకున్నాడు.

"మా జెద్దా లెక్కనే ఉన్నది మీ ఊరు!" అన్నాడు పోశమ్మతో.

కిటికీలోంచి తొంగిచూస్తున్న దుర్గేశ్ అనే రైతు పొలాలవైపు చెవిపెట్టి విన్నాడు. మోటర్లు ఆగలేదు. "అది కరెంట్ తాగుతలేదురో! ఉత్త ముచ్చట!" అని కేకేసుకుంటూ పోయాడు. భయం తీరిన రైతులు ఇక వంతుల ప్రకారమే తడుపుకుందామని ఒక్కొక్కరే మోటరు ఆపడం మొదలుపెట్టారు.

ఒక్కో మోటరు ఆగేకొద్దీ స్టెబిలైజరు ముల్లు లేచింది. నూట యాభై దాటింది. బల్బు వెలిగింది. మిక్సీ గొంతు మారి అరవసాగింది. జహీరుద్దీన్ ఒక్క దూకున పిన్ను పీకేశాడు. అల్లం వెల్లుల్లి ఇంకా మిగిలే ఉంది. ఆ కరెంటు పాత మిక్సీకి చాలదు, జెద్దా మిక్సీకి ఎక్కువ.

సాలెహా కొంగు నడుముకు చుట్టి వాకిట్లోకి ఉరికింది. "మోటర్లు బంద్ చేయకుండ్రి! అందరు వేయుండ్రి!"

నాగయ్య బిత్తరపోయాడు. "గిదేంది బిడ్డా! మోటర్లు ఆగుతయని మేం భయపడితిమి, నువ్వేమో నడపమంటవ్?"

"కాకా, మీ మోటర్లు నడిస్తెనే నా మిక్సీ నడుస్తది. కూర కావాల్నా వద్దా?"

నాగయ్యకు సగమే అర్థమైంది. కూర అన్న సగం. ఆయన మిద్దెనెక్కి, రుమాలు ఊపుతూ, పొలాలు అదిరేలా అరిచాడు. "అరేయ్! మోటర్ బంద్ చేసినోనికి కూరల బొక్క గూడ పెట్టను! వేయుండ్రిరా!"

ఒక్కో పొలం నుంచి ఒక్కో మోటరు అందుకుంది. ముల్లు మళ్లీ వంగి పడుకుంది. సాలెహా మిగిలిందంతా రుబ్బి, గిన్నె నిండా ఎత్తి, పొయ్యిమీద మరుగుతున్న డేగిసాలో వేసింది. ఆ వాసన గల్లీ దాటి పొలాలకు పోయింది. చెరకు తోటలు ఆ ఎండాకాలంలో ఎన్నడూ తడవనంతగా తడిశాయి.

ఊరు బంతుల మీద బంతులుగా తింది. తన మాట నిజమైందో లేదో చూద్దామని వచ్చిన మొగులప్ప ఏమీ అడగకుండా మూడోసారి ముక్కలు వేయించుకున్నాడు. నాగయ్య తన భుజం మీది కొత్త రుమాలు తీసి జహీరుద్దీన్ మెడలో వేశాడు. పోశమ్మ చంటిపిల్లను తెచ్చి, "దీని లగ్గానికి గూడ నువ్వే వండాలె," అంటూ సాలెహా ఒళ్లో పెట్టింది. జహీరుద్దీన్ ఆటోలో తిరిగి వస్తూ, ఆడదానికి ఇంత తెలివి ఎక్కడిదని అడగబోయి, సమయానికి నాలుక కరుచుకుని, "నీ లెక్క వండేటోడు జెద్దాల లేడు," అన్నాడు.

వారం తిరక్కుండానే కల్హేర్ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కొడుకు పెళ్లికి వాళ్లే వండాలని, ఏం కావాలన్నా సమకూరుస్తానని అన్నాడు. సాలెహా బేగం ఆయనకు చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, ఒక్కటే ప్రశ్న వేసింది.

"మీ ఊర్ల బోరు మోటర్లు ఎన్నున్నయి?"