ఐదో అంతస్తు నుంచి కిందికి

ఆదివారం పొద్దున మనవరాలి ప్లాను చాలా సింపుల్. పదింటికి రికార్డింగు మొదలుపెట్టాలి, పదకొండుకల్లా ముగించాలి, ఆ తర్వాత హాయిగా తలస్నానం చేసి పడుకోవాలి. మహమ్మారి రోజుల జ్ఞాపకాలను జనం గొంతుల్లోనే భద్రపరుస్తున్న ఒక లైబ్రరీలో ఆమె చేరి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో నర్సునూ, కూరగాయల బండాయననూ, ఆఖరికి నోరు విప్పని బడి గుమాస్తానూ మాట్లాడించింది. సొంత తాతయ్య దగ్గర మాత్రం ఆమె పప్పులుడకలేదు.

నానమ్మ ఆ మహమ్మారి ఏడే పోయింది. అప్పుడు మనవరాలూ అమ్మానాన్నలూ వేరే ఊళ్ళో చిక్కుకుపోయారు. ఇంట్లో ఉన్నది తాతయ్య ఒక్కడే. ఏం జరిగిందని ఎప్పుడడిగినా "పోయింది, అంతే" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ముప్పై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసిన మనిషికి ఏ తలుపు ఎంత గట్టిగా మూయాలో బాగా తెలుసు. మొన్న మాత్రం ఎందుకో మెత్తబడ్డాడు.

"ఒక్కసారి అడుగు. చెప్పగలిగితే చెప్తా. లేకపోతే జన్మలో మళ్ళీ ఆ మాటెత్తకు" అన్నాడు.

ఉన్నది ఒక్కటే ఛాన్సు! అందుకే ఆమె లైబ్రరీ వాళ్ళిచ్చిన రూల్సు కాగితం పట్టుకుని ఇల్లంతా గిరగిరా తిరిగింది. ఫోన్లన్నీ ఆఫ్ చేసింది. ఫ్యాను, ఫ్రిజ్ కట్టేసింది. కాలింగ్ బెల్ తీగ పీకేసింది. స్టూలెక్కి గోడ గడియారంలో బ్యాటరీ తీసేసింది. ఇక మిగిలింది ఒక్కటే. మాటలు మొదలయ్యేముందు ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. అంతసేపూ ఎవ్వరూ కదలకూడదు.

"ఎందుకే ఇంత హడావుడి? నేనేమన్నా కచేరీ చేస్తున్నానా?" అన్నాడు తాతయ్య పడక్కుర్చీలో వాలి.

"ప్లీజ్ తాతయ్యా, ఒక్క నిమిషం! కళ్ళు మూసుకో. కదలకు."

తాతయ్య బుద్ధిగా కళ్ళు మూసుకుని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడు. అమ్మ తుమ్ము ఆపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది. గడియారం వెనకాల దుమ్ము పడి మనవరాలి కళ్ళు ధారలుగా కారుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ అరువు తీసుకెళ్ళిన స్క్రూడ్రైవరు ఇచ్చేద్దామని ఓరగా ఉన్న తలుపు తోసింది. ఆవిడను బిల్డింగంతా రేడియో అంటారు. మనవరాలు కన్నీళ్ళతోనే పెదాల మీద వేలు పెట్టి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. రేడియో కుర్చీ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, ఆగిపోయిన గడియారం వైపు చూసింది. స్క్రూడ్రైవరును గుమ్మం దగ్గర పువ్వులా మెల్లగా పెట్టి, తలుపు దగ్గరికి లాగి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల్లో బిల్డింగు గ్రూపులో కబురు పడింది: ఐదో అంతస్తు పెద్దాయన ఇక లేరు. ఐదు నిమిషాలకల్లా ఆయన నిద్రలోనే పోయారు. పది నిమిషాలకల్లా రెండ్రోజులుగా మంచం మీదే ఉన్నారు. కాదనాల్సిన ఫోన్లు మూడూ ఆఫ్.

లోపల రికార్డింగు మొదలైంది.

"నానమ్మ పోయిన రోజు ఏం జరిగింది తాతయ్యా?"

"పోయింది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా పోయే ఉంది."

ఇరవై నిమిషాలు ఇదే వరస. ఛాన్సు చేజారిపోతోందని మనవరాలికి అర్థమైంది. ఇంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. అమ్మ వెళ్ళి తీసింది. మెట్ల నిండా జనం. పై అంతస్తు టైలరు అమ్మ చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు చెల్లెమ్మా, మేమంతా లేమూ" అన్నాడు. ఇంతసేపూ ఆపుకున్న తుమ్ము అమ్మకి అప్పుడే వచ్చింది. వెనక ఫ్రీజర్ పెట్టెతో ఇద్దరు మనుషులు రొప్పుతూ నిలబడ్డారు.

"కాగితం మీద సంతకం ఎవరు పెడతారండీ?"

"ఇలా తే, నేను పెడతా" అన్నాడు తాతయ్య అమ్మ భుజం మీంచి.

టైలరు కెవ్వుమన్నాడు. ముగ్గురు నాలుగేసి మెట్లు కిందికి దూకారు. ఫ్రీజర్ పెట్టె మాత్రం నిబ్బరంగా అక్కడే ఉంది.

తాతయ్య నవ్వలేదు. ఆ జనాన్ని కింది మలుపు దాకా చూశాడు. "మనిషి పోతే ఇంతమంది వస్తారా?" అని నెమ్మదిగా అడిగాడు.

అంతలో లిఫ్టులోంచి అలారం మోగింది. ఆరుగురికి మించి ఎక్కరాదని రాసి ఉన్న దాంట్లో ఎనిమిది మంది ఎక్కారు. పూలదండతో అసోసియేషన్ ప్రెసిడెంటు, దారి చూపించడానికి రేడియో, సానుభూతితో మరో ఆరుగురు. నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

తాతయ్య తన పనిముట్ల సంచిలోంచి తాళంచెవి తీసి ఐదో అంతస్తు లిఫ్టు తలుపు లాగాడు. లోపలి వాళ్ళ తలలు ఆయన మోకాళ్ళ ఎత్తులో ఉన్నాయి. ముందు వాళ్ళకి కాళ్ళు కనిపించాయి. ఆయన వంగాడు. చనిపోయిన మనిషి మొహం కనిపించేసరికి రేడియో "అమ్మో" అని ప్రెసిడెంటు దండలో తల దాచుకుంది.

"గాలి ఆడుతోందా?" అన్నాడు తాతయ్య.

"కొంచెం ఆడుతోంది పెద్దాయనా, తొందరగా తియ్యండి" అన్నాడు ప్రెసిడెంటు.

"కొంచెం చాలు. మా ఆవిడకి అదీ లేదు." తాతయ్య లిఫ్టు ముందు నేల మీద చతికిలబడ్డాడు. "అమ్మడూ, ఆ రికార్డింగు మిషను పట్రా. ఇప్పుడు చెప్తా."

మనవరాలు ఒక్క పరుగున తెచ్చింది. రూల్సు కాగితం ఇంట్లోనే ఉండిపోయింది.

"పొద్దున్న ఏడింటికి ఆవిడకి ఊపిరి అందలేదు. కింద అంబులెన్సు వచ్చేసింది. ఈ బటను నొక్కితే లిఫ్టు రాలేదు. చెడిపోయిందేమోనని పిచ్చివాడిలా సంచి కూడా తెచ్చుకున్నా. చెడిపోలేదు. మా గాలి మీకు తగలకూడదని ప్రెసిడెంటుగారు లిఫ్టుకి కరెంటు ఆపించి, మెయిను గదికి తాళం వేయించారు. ఫోన్ చేస్తే 'రూలు అందరికీ ఒకటే కదండీ' అన్నారు."

మనవరాలు మిషనును ఆయనకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేనూ డ్రైవరూ దింపాం. తొంభై మెట్లు. అంతస్తుకో చోట తలుపు గడియ పడ్డ చప్పుడు. మూడో అంతస్తు దగ్గర 'కాసేపు దించండి, మీకసలే నడుం నొప్పి' అంది. మళ్ళీ మాట్లాడలేదు. కిందికొచ్చాక డ్రైవరు సైరను వెయ్యలేదు."

గోడకి ఆనుకున్న అమ్మ అలాగే కిందికి జారి కూర్చుంది.

"నేను తలుపు కంతలోంచి చూస్తూనే ఉన్నా అన్నయ్యగారూ" అంది రేడియో లోపల్నుంచి. ఆమె గొంతు అంత చిన్నగా వస్తుందని బిల్డింగులో ఎవరికీ తెలియదు.

"తెలుసమ్మా. నువ్వు కన్ను పెట్టగానే కంతలో వెలుగు పోయింది కదా."

ప్రెసిడెంటు దండను వీపు వెనక్కి దాచుకున్నాడు.

తాతయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి, మేడ మీది మోటారు గదికి వెళ్ళాడు. కరెంటు తీసేసి, చక్రం చేత్తో తిప్పుతుంటే లిఫ్టు అంగుళం అంగుళం పైకి లేచి ఐదో అంతస్తుకి చేరింది. ఎనిమిది మందీ బయటికొచ్చారు. తాతయ్య కరెంటు వేసి, దిగివచ్చి, రెండుసార్లు కిందికీ పైకీ నడిపించి చూసి, "బాగయింది. ఎక్కండి" అన్నాడు.

అందరూ మెట్ల మీద నుంచే దిగారు.