ఫీజు కాని ఫీజులపై వీరవేణి దండయాత్ర

వశిష్ఠ గోదావరి కడలి చేరువై మందగమనమున సాగుచుండగా, కాలువలన్నియు దాళ్వా చేలకు నిండుగా నీరు మోయుచుండగా, క్షీరారామ గోపురముపై పావురములు రెక్కలు విదుల్చుకొనుచుండగా, మాఘమాసపు చలి పోవుదునా ఉందునా యని గుమ్మమున తటపటాయించుచుండగా, సకలవస్తుసమృద్ధమైన పాలకొల్లు పట్టణమున, ఫిబ్రవరి నెల తొమ్మిదవ నాటి ఉదయము ఎనిమిది గంటల పదునాలుగు నిమిషములకు, ఒక తల్లి చేతిలోని ఫోను టింగుమనెను. పూర్వకాలపు యుద్ధములకు శంఖములు మ్రోగెడివి. ఈ యుద్ధమునకు మ్రోగినది వాట్సాపు.

ఆ తల్లి వీరవేణి. బజారువీధిలోని మ్యాచింగ్ సెంటరుకు అధిపతియు, జాకెట్టు ముక్కలకు ఏలికయు, లైనింగు గుడ్డలకు దిక్పాలకుడును అగు కుక్కుటేశ్వరరావునకు ధర్మపత్ని; వేయి ఎరుపులలో కుంకుమ ఎరుపును కనురెప్పపాటున ఏరి తీయగల వర్ణవివేకధురంధర. ఆమెకొక్కతే కూతురు, దేవిశ్రీ. ఊరి చివరనున్న ప్రైవేటు బడిలో ఐదవ తరగతి చదువుచుండెను.

ఈ దంపతులకు ఫీజనిన భయము లేదు. ముప్పది రెండు వేలు, మూడు వాయిదాలు. అది ముందుగా కబురంపి వచ్చు మర్యాదస్థుడైన శత్రువు. కబురంపక, పొదలమాటున పొంచి, ఒకటి పోయిన వెంటనే ఒకటిగా మీదపడునవి ఫీజు కాని ఫీజులు. బడి పేరచ్చువేసిన నోటుపుస్తకములనియు, బుధవారపు తెల్ల యూనిఫారమనియు, ఆ తెల్లదానికి నల్ల బూట్లు పనికిరావు గనుక తెల్లబూట్లనియు, బెల్టనియు, బస్సనియు, పిల్లలకు జంతువులను చూపుటకు విశాఖ ప్రయాణమనియు, ఆ ప్రయాణమునకు టోపీయనియు, గ్రూపు ఫొటోయనియు, ఆ మూకలు నిరుడు పందొమ్మిది మార్లు దండెత్తగా, పందొమ్మిది మార్లును కుక్కుటేశ్వరరావు గల్లాపెట్టెలో చేయి పెట్టెను. తత్ఫలితముగా దీపావళికి పట్టు అంచుల సరుకు సగమే వచ్చెను. సగము బేరము ఎదురు కొట్టుకు పోయెను.

అందుచే ఈ చదువుటేటి మొదట, జూన్ నెలలో వీరవేణి ఒక గీతల పుస్తకము తెరచి, "ఫీజు కానివి: ఇరవై వేలు. ఇంక పైసా లేదు" అని ఎర్రసిరాతో శాసనము లిఖించెను. ఎనిమిది నెలలు ఆ శాసనమును కంటికి రెప్పవలె కాచెను. నేటికి అందు మిగిలినవి ఆరు వందలు.

ఇంతలో వచ్చినదీ సందేశము. పంపినది నాట్యము నేర్పు జగదాంబ టీచరు.

"మేడమ్, యాన్యువల్ డే నాడు మీ ఇంట్లో పెళ్లంట కదండీ. దేవిశ్రీ డ్యాన్సులో ఉండనని పేరు తీయించేసుకుంది. గోదావరి డ్యాన్సండి, ముప్పై రెండు మంది అలలు. మీ అమ్మాయి బాగా చేస్తుందండి. పోనీ, పెళ్లి ఏ టైముకండి?"

వీరవేణి రెండు మార్లు చదివెను. ఆమె ఎరిగినంతలో రెండు వంశములలోను పెళ్లియన్నది లేదు. బూట్ల తాళ్లు కట్టుకొనుచున్న కూతురి ముందు కూలబడెను.

"పెళ్లెవరిదే?"

దేవిశ్రీ తలయెత్తలేదు. "కాస్ట్యూము అద్దెకి పద్దెనిమిది వందల యాభై అంటమ్మా. నీ పుస్తకంలో ఆరు వందలే ఉన్నాయి కదా. నేను చూశాను."

"అయితే?"

"నాకేం పెద్ద ఇష్టం లేదులే. నేనుండేది మూడో వరుస. ఎడం చివర. అక్కడ ఎవరికీ కనపడను కూడా."

ఆ మాటకు, పందొమ్మిది దండయాత్రలకు చలింపని ఆ వీరమాత గుండె చటుక్కున కలుక్కుమనెను. పిల్లకు బెంగ లేకుండ చేయుటకు వ్రాసిన పుస్తకము పిల్ల చేతనే అబద్ధమాడించెనా! ఆమె కూతురి జడ సవరించి, "బస్సొచ్చింది, వెళ్లు. ఆ డ్యాన్సు సంగతి నేను చూసుకుంటాను" అని పంపి, తిన్నగా కొట్టునకు నడచెను.

కుక్కుటేశ్వరరావు జరిగినదంతయు విని, దయార్ద్రహృదయుడై, అలవాటు చొప్పున గల్లాపెట్టె తెరచెను.

"పోన్లే వేణీ, ఈ ఒక్కసారికి ఇందులోంచి తీసిచ్చేద్దాం. పిల్ల ముచ్చట కదా."

"ఏవండీ, పెట్టె మూయండి!" అని ఆమె గర్జించెను. "నిరుడు ఒక్కసారికి ఒక్కసారికి అంటూనే పందొమ్మిది సార్లయింది. బెల్టు తెగితే కుట్టించాను గానీ కొన్నానా? ప్రాజెక్టుకి థర్మాకోలు తెమ్మంటే ఫ్రిజ్ అట్టపెట్టి కోసిచ్చానా లేదా? ఇరవై వేలన్నాను, ఇరవై వేలే! పిల్ల అలలాగా ఆడి తీరాలి, పుస్తకం దాటకూడదు. అయినా మ్యాచింగ్ సెంటర్ పెట్టుకుని, మూడు మీటర్ల నీలిగుడ్డ అద్దెకి తెచ్చామంటే బజార్లో తలెత్తుకుని తిరగ్గలమా అండీ? సముద్రం ఒడ్డున కాపురముండి ఉప్పు బదులు తెచ్చుకున్నట్టుంటుంది!"

ఆ సింహనాదమునకు, లైనింగు గుడ్డ బేరమాడుచున్న జంగారెడ్డిగూడెపు స్త్రీ బెదరి, చెప్పిన ధర చెప్పినట్లు చెల్లించెను. కుక్కుటేశ్వరరావు పెట్టె మూసెను. వీరవేణి టీచరునడిగి తెప్పించుకొన్న కాస్ట్యూము ఫొటోను ఫోనులో చూచి, అలమర వైపు తిరిగి, ఇరువది మూడు నీలములలో ఒక్క నీలమును చూపుడువ్రేలితో ఎంచి, ఆ శాటిన్ తానును గదవలె భుజమున దాల్చి ఆటో ఎక్కెను.

బడి ఆఫీసున కంప్యూటరు కోటలో కొలువుదీరియుండెను పల్లంరాజు, రసీదులకు రాజు, రూళ్లకు రక్షకుడు. మర్యాదలో మాత్రము లోపము లేదు.

"కూర్చోండమ్మా. కాస్ట్యూములు రాజమండ్రి నుంచి వస్తాయండి. అందరికీ ఒక్కటే ఉండాలండి. రూలండి."

"ఒక్కటే ఉండాలండి, కాదన్ను. ఆ శాంపిలోసారి ఇస్తారా?"

"చూట్టానికేనా అండీ?"

"చూట్టానికే."

ఆమె ఆ నమూనా దుస్తును కిటికీ కడకు గొనిపోయెను. "ట్యూబులైటు కింద రంగు చూడకూడదండి. ఎండలో చూడాలి" అనుచు, దాని ప్రక్కన తన శాటిన్ తాను కొంగును పరచెను. సూర్యభగవానుడు సాక్షిగా రెండు నీలములు కలిసిపోయెను. ఏది ఏదో తెలియక పల్లంరాజు కళ్లజోడు తుడుచుకొని మరల పెట్టుకొనెను. పిదప ఇంకొక బాణము తీసెను.

"మీరొక్కరు కుట్టిస్తే, రేపు అందరూ మేమూ కుట్టిస్తామంటారండి."

"అననివ్వండి. ముప్పై రెండు మందికీ సరిపడా గుడ్డ ఉంది మా కొట్లో."

అంతలో జగదాంబ టీచరు లోనికి వచ్చి, రెండు గుడ్డలను రెండు చేతుల నలిపి చూచి, తీర్పు చెప్పెను. "మేడమ్ గారిదే మెత్తగా ఉందండి, రాజు గారూ. ఆ అద్దెవి దురద. పోయినేడు నెమళ్లన్నీ స్టేజి మీదే గోక్కున్నాయి, మీరూ చూశారు." పిదప వీరవేణి వైపు తిరిగి, "మరి పెళ్లో అండీ?" అనెను.

"ఆగిపోయిందండి" అనెను వీరవేణి, రెప్ప వేయక. "పెళ్లికూతురికి ఇష్టం లేదట."

పల్లంరాజు తన కడపటి దుర్గమునకు తగ్గెను. "నాకేం అభ్యంతరం లేదండి. కానీ కాస్ట్యూము రసీదు లేకపోతే లిస్టులోకి పేరు ఎక్కదండి. సిస్టమ్ అలా ఉంది."

"సున్నా అని కొట్టండి."

సున్నా కొట్టెను. యంత్రము ఎర్రటి అక్షరములతో ధిక్కరించెను. మరల కొట్టెను; మరల ధిక్కరించెను. మూడవ మారును అంతే. జగదాంబ టీచరు తెర వైపు తొంగి చూచెను. అప్పుడు వీరవేణి ముందుకు వంగి, మెల్లగా పలికెను.

"ఒకటి కొట్టి చూడండి."

ఒకటి కొట్టెను. యంత్రము లొంగెను! ప్రింటరు గురగురమని రసీదు కక్కెను: దేవిశ్రీ, ఐదవ తరగతి, కాస్ట్యూము, ఒక్క రూపాయి. ఆమె సంచిలో చిల్లర లేదు గనుక ఫోనుతో చెల్లించెను. తక్షణమే బల్లమీది చిన్న పెట్టె, దిక్కులు మారుమ్రోగ, వందిమాగధకంఠమున ప్రకటించెను: "ఒక్క రూపాయి అందింది!"

వరండాలో వరుసగా నిలిచిన తలిదండ్రులందరును ఒక్కసారిగా తలలు త్రిప్పిరి. ముందున్న పెద్దాయన కిటికీలో తల దూర్చి, "ఏం ఫీజండీ అది, రూపాయిది? మావాడికీ కట్టించుకోండి!" అనెను.

పల్లంరాజు కుర్చీలో వెనుకకు వాలి, తల పట్టుకొని, మొట్టమొదటి మారు నవ్వెను.

వీరవేణి పుస్తకములో మిగిలిన ఆరు వందల నుండి, మూడు మీటర్ల గుడ్డకు కొన్న ధర రెండు వందల డెబ్బది తన గల్లాపెట్టెలోనే తాను చెల్లించెను. పక్కవీధి దర్జీ వెంకటదుర్గకు కుట్టుకూలి నూట తొంబది ఇచ్చెను. ఇరువదిరెండవ నాటి సాయంకాలము, రంగురంగుల దీపముల నడుమ, మూడవ వరుస ఎడమ చివరి అల నాలుగు నిమిషములు ఉప్పొంగెను. ఒకచోట కుడికి పోవలసినది ఎడమకు పోయెను. తల్లి చూచెను, చూచి, అందరికంటె ముందు చప్పట్లు కొట్టెను.

పాలకొల్లు పురజనులారా! మార్చి నెల ఇంకను ముందున్నది. పరీక్షల అట్టలనియు, వీడ్కోలు విందనియు శత్రుమూకలు ఇంకను పొదలమాటున కదలుచున్నవి. అయినను వినుడు, చెవులార వినుడు: ఇరువది వేల కోట కూలలేదు. పుస్తకమున ఇంకను మిగిలిన నూట ముప్పది తొమ్మిది రూపాయల సైన్యముతో, ధ్వజమెత్తి, నేటికిని నిలిచియున్నది!