పులస పరిశోధనలో సాధించిన ప్రగతి

వెనుకబడిన ప్రాంతాల్లో శాస్త్ర పరిశోధనను ప్రోత్సహించాలన్న సదుద్దేశంతో రాజమండ్రికి దిగువన ఏటిగట్టు పక్కన నెలకొల్పిన మత్స్య పరిశోధనా ఉపకేంద్రం ఈ ఏడాది ఘన విజయం సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కేంద్రంలో ఒక బోర్డు, ఒక ఫ్రీజరు, ఇన్‌చార్జి జానకిరామ్ గారు, పరిశోధకురాలు లక్ష్మీదుర్గ ఉన్నారు. మైక్రోస్కోపు ఆరేళ్లుగా వస్తూ ఉంది.

లక్ష్మీదుర్గ జాలరుల పిల్ల. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే పులస ఏటికేడాది ఎందుకు తగ్గిపోతోందో కనిపెట్టాలని ఆమె పట్టుదల. పులస తలలో, చెవి దగ్గర, చిన్న రాయి ఉంటుంది. దాన్ని పలచగా కోసి చూస్తే చేప వయసూ, అది ఏ నీళ్లలో ఎన్నాళ్లు తిరిగిందీ తెలుస్తాయి. కోసే పరికరం వచ్చేదాకా చేపను తలతో సహా ఫ్రీజర్లో ఉంచాలని నిబంధన. మూడేళ్లలో ఆమె తండ్రి సత్తియ్య వల వేసి, అమ్ముకోకుండా, కూతురి చదువు కోసం తెచ్చిచ్చిన పులసలు ఇరవై మూడు.

మందులో వేసి భద్రపరుద్దామని ఆమె అడిగితే జానకిరామ్ గారి మనసు నొచ్చుకుంది.

"పులసని ఫార్మలిన్‌లో వెయ్యడమేంటమ్మా? చేతులెలా వస్తాయి నీకు?"

చేపలన్నీ ఒక్కసారే పోయాయనుకుంటే అన్యాయం. తనిఖీకి వచ్చిన పై అధికారికి రెండు, వార్షికోత్సవానికి నాలుగు, ఫ్రీజరు బాగుచేసిన మెకానిక్‌కు కృతజ్ఞతగా ఒకటి. కరెంటు పోయిన రోజున, పాడైపోతాయేమోనన్న ముందుచూపుతో ఐదు. కరెంటు పావుగంటలో వచ్చేసింది. మిగిలిన పదకొండూ చాలులే అని ఆ పిల్ల సర్దుకుంది.

పరికరాలు మంజూరు చెయ్యాలో వద్దో తేల్చే నిపుణుల సంఘం ఆ తర్వాత వచ్చింది. సభ్యులు పదకొండు మంది. లక్ష్మీదుర్గ వివరాలన్నీ చెప్పి, నమూనాలు చూపిద్దామని ఫ్రీజరు తెరిస్తే అది శుభ్రంగా కడిగి ఉంది. వెనక పందిరి కింద నుంచి కమ్మటి వాసన వస్తోంది.

"తలలైనా ఉంచండి సార్," అంది.

"చైర్మన్ గారికి తల వెయ్యకపోతే మర్యాదగా ఉంటుందామ్మా? మనకి గ్రాంటు రావాలా వద్దా?"

భోజనం మధ్యలో చైర్మన్ గారి పంటికింద ఏదో తగిలింది. బియ్యంలో రాయి అన్నారు. జానకిరామ్ గారు చెమటలు కక్కుతూ వంటమనిషి రత్తమ్మను చీవాట్లు పెట్టారు. లక్ష్మీదుర్గ మాత్రం వంగి, ఆయన ఊసిన రాయిని విస్తరి అంచు మీంచి తీసి, చీటీ కాగితంలో మడిచి దాచుకుంది. అది చూసి నాకు మటుకు కడుపు తరుక్కుపోయింది. నేనూ అదే బంతిలో ఉన్నాను గనక లేవలేకపోయాను.

చైర్మన్ గారు చెయ్యి కడుక్కుని ప్రసంగించారు. "ఇంత మారుమూల ఇంత నాణ్యమైన పరిశోధన జరుగుతోందని మేము ఊహించలేదు. సభ్యులందరమూ నమూనాలను స్వయంగా, క్షుణ్ణంగా పరిశీలించాము. ఏమీ మిగల్చలేదు."

పెద్ద ఫ్రీజరు మంజూరైంది. మైక్రోస్కోపు సంగతి వచ్చే సమీక్షలో చూస్తారట. సమీక్ష ఏటా వరదల రోజుల్లోనే జరపాలని తీర్మానించారు. ఒక్క రాయితో ఏదీ తేలదని, కనీసం పది ఉండాలని యూనివర్సిటీ వాళ్లు లక్ష్మీదుర్గను వెనక్కి పంపారు. ఈ ఏడు సత్తియ్య వలలో ఇంతవరకూ ఒక్క పులసా పడలేదు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. ఆ పిల్ల చదువేమైందని ఒక్కరూ అడగలేదు. పులుసులో బెండకాయలు వేశారా లేదా అని అందరూ అడిగారు. మీకూ అదే సందేహం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను, వేశారండి.